వారసత్వపు సర్వర్లకూ అజమాయిషీ కావాలి

2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా విడిపోయినప్పుడు తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది, రేపల్లె, బాపట్ల కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. ఫైళ్లు, బీరువాలు జాబితా రాసి, సంతకాలు పెట్టించుకుని అప్పగించడం మన ఆఫీసులకు అలవాటైన పనే. కంప్యూటర్ గది అప్పగింత అంత తేలిక కాదు. అక్కడ ఒకే యంత్రంలో పదీ ఇరవై వర్చువల్ సర్వర్లు నడుస్తుంటాయి. ఏ సర్వర్‌లో ఏ అప్లికేషన్ ఉందో, దాని మీద ఎవరి పని ఆధారపడి ఉందో చాలాచోట్ల రాసిపెట్టి ఉండదు. పెట్టినవాళ్లు బదిలీ అయ్యో, కాంట్రాక్టు ముగిసో వెళ్లిపోతారు. ప్రభుత్వ ఆఫీసైనా, తెనాలిలో ఆస్పత్రైనా, బాపట్లలో కాలేజీ అయినా, కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్ల చేతికి వచ్చేది ఎక్కువగా పాస్‌వర్డ్‌ల కాగితం ఒక్కటే.

ఈ చిక్కుకు మన రెవెన్యూ పాలనలో పాత విరుగుడు ఒకటి ఉంది. రైత్వారీ గ్రామాల్లో కరణం పంటల లెక్కపుస్తకమైన అడంగల్‌లో పంట రాసేవాడు. పైఅధికారి అజమాయిషీకి వచ్చి, అడంగల్ చేతపట్టుకుని గట్టు మీద నడుస్తూ, రాసిన పైరే నిలబడి ఉందో లేదో చూసేవాడు. ఏడాదికోసారి జమాబందీలో లెక్కలన్నీ సరిచూసేవారు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణాల వ్యవస్థను రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవడం న్యాయమే. కానీ దస్త్రాలు చేతులు మారినంత మాత్రాన, ఏ బోదె నీళ్లు ఏ పొలానికి పారతాయన్న ఎరుక వాటితో పాటు రాదు. దాన్ని మళ్లీ పొలంలోనే సంపాదించుకోవాలి. సర్వర్ల విషయంలోనూ నేను చెప్పేది ఇదే: జాబితాతో మొదలుపెట్టవచ్చు, తీర్పు మాత్రం నడుస్తున్న వ్యవస్థను చూసే ఇవ్వాలి.

మొదట, వర్చువల్ సర్వర్లన్నిటినీ ఒకచోట నుంచి నిర్వహించే వీసెంటర్ నుంచి మిషన్ల పట్టీ తీయాలి. ఆర్వీటూల్స్ అనే టూల్‌తో తీస్తే పేరు, డిస్కు, మెమరీ, నెట్‌వర్క్, మరిచిపోయిన స్నాప్‌షాట్లు అన్నీ ఒకే షీట్‌లోకి వస్తాయి. పేర్లను మాత్రం నమ్మకూడదు. ‘టెస్ట్2’ అని పేరున్నదే అసలు జీతాల లెక్క నడిపే సర్వర్ కావచ్చు. ఆ తర్వాత ఒక్కొక్క దానిలోకి వెళ్లి నెట్‌స్టాట్‌తో ఏ పోర్టు తెరిచి ఉందో, దాని వెనక ఏ ప్రోగ్రాం ఉందో, ఏ చిరునామాల నుంచి కనెక్షన్లు వస్తున్నాయో చూడాలి. లైనక్స్ అయితే క్రాన్‌ట్యాబ్, విండోస్ అయితే టాస్క్ షెడ్యూలర్ తప్పక తెరవాలి. అర్ధరాత్రి రెండింటికి లేచి, ఫైలొకటి పక్క సర్వర్‌కు పంపి మళ్లీ పడుకునే పని పగటిపూట నెట్‌స్టాట్‌లో కనిపించదు. డేటాబేస్‌లో ఎవరి ఖాతా పేరుతో లాగిన్‌లు జరుగుతున్నాయో, ఫైర్‌వాల్, డీఎన్ఎస్ లాగులు ఏం చెబుతున్నాయో కూడా కలిపి చూడాలి. ఆఖరికి ఆ చిరునామా పట్టుకుని కౌంటర్ దగ్గర కూర్చునే గుమస్తానే అడగాలి.

ఇంత దేనికి, ఆపేస్తే ఎవరు అరుస్తారో తెలిసిపోతుంది కదా అనేవారున్నారు. ఆ పద్ధతికీ చోటుంది, అన్నిటికన్నా చివర్న. మిషన్‌ను చెరిపేయకుండా ముందు దాని నెట్‌వర్క్ కార్డు తెంపి చూడాలి, కావాలంటే నిమిషంలో తిరిగి కలిపేలా. అయితే ఎవరూ అరవనంత మాత్రాన అవసరం లేదని కాదు. మన ప్రాంతంలో పనులు రుతువును బట్టి నడుస్తాయి. ధాన్యం కొనుగోళ్లు ఒక కాలంలో, అడ్మిషన్లు ఇంకో కాలంలో, లెక్కల ముగింపు మార్చిలో. లాగులను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఏడాదికోసారి మేలుకునే అప్లికేషన్ ఆ 180 రోజుల్లో ఒక్కసారి కూడా కనిపించకపోవచ్చు. కనీసం కనెక్షన్ల సారాంశాన్నైనా ఏడాదంతా దాచాలి.

ఆటోమేటిక్‌గా కనిపెట్టే టూళ్లు ఉండగా మనిషి తిరగడమెందుకన్నది ఇంకో వాదన. టూళ్లు తప్పక వాడాలి. కానీ 2017లో అమెరికాలోని క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌లో స్కానింగ్ జరిగింది, లోపమున్న అపాచీ స్ట్రట్స్ సర్వర్ మాత్రం అందులో దొరకలేదు. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడుందో చెప్పే పూర్తి జాబితా ఆ సంస్థకు లేదు. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. స్కానర్ తనకు చూపించిన చోటే చూస్తుంది. ఎక్కడ చూపించాలో తెలిసేది తిరిగినవాళ్లకే.

‘అన్నిటినీ ఉన్నపళంగా కొత్త క్లౌడ్‌కు ఎత్తేద్దాం’ అన్న సలహాను నేను ఒప్పుకోను. 2024 జూన్ 30తో మద్దతు ముగిసిన ఆపరేటింగ్ సిస్టమ్ సెంటోస్ 7 క్లౌడ్‌కు వెళ్లినా సెంటోస్ 7గానే ఉంటుంది, పైగా ఎవరిదో తెలియని దానికి నెలనెలా బిల్లు. దొరికిన ప్రతి అప్లికేషన్‌కూ ఒక యజమాని పేరు, దాని మీద ఆధారపడే ఆఫీసు, అది మేలుకునే నెల, ఆపితే ఆగిపోయే పని రాసి, చూసిన తేదీతో సంతకం పెట్టించాలి. రాసింది ఏడాదిలో పాతబడుతుందన్నది నిజమే, జమాబందీ ఏటా జరిగిందీ అందుకే. కొత్త ఫసలీ, అంటే రెవెన్యూ సంవత్సరం, మొదలయ్యే జూలై 1న ఈ తనిఖీ పెట్టుకుంటే మార్చి ముగింపు, జూన్ అడ్మిషన్లు రెండూ అప్పటికే లాగుల్లో నమోదై ఉంటాయి.