దర్యాప్తు స్మృతులు – ప్రామాణ్యవిచారము

స్మృతిశబ్దమునకు మన శాస్త్రములయందు రెండర్థములు గలవు. ధర్మశాస్త్రగ్రంథ మొకటి, జ్ఞాపక మొకటి. మొదటిది ప్రమాణము. రెండవదానిని నైయాయికులు, పూర్వసంస్కారమాత్రమున బుట్టునదగుటచే, అనుభవమునుండి వేఱుచేసి ప్రమాకోటిలో జేర్పరైరి. వ్యవహారనిర్ణయమునకు లిఖితము, భుక్తి, సాక్షులు ప్రమాణములని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. మూలఘటిక కేతన రచించిన విజ్ఞానేశ్వరీయముమూలమున నీ వ్యవహారధర్మములు తెనుగు పద్యములలోనికి వచ్చినవి. కాని లిఖితమును స్వహస్తముతో సిద్ధపఱచిన యధికారియే కొన్నియేండ్లకు దన జ్ఞాపకమునుగూడ వెల్లడించినచో, ఆ రెంటిలో దేనిని నమ్మవలెను? రాజీవ్ గాంధీ హత్యను దర్యాప్తు చేసినవారి రచనలు చదువునపు డీ ప్రశ్న తప్పదు.

1991 మే 21వ తేదీని ఆయన విశాఖపట్టణమున ఎన్నికల ప్రచారము ముగించుకొని విమానమున మద్రాసు చేరి, ఆ రాత్రియే శ్రీపెరుంబుదూరు సభాస్థలమున మానవబాంబునకు బలియయ్యెను. మే 24న దర్యాప్తు సి.బి.ఐ. వారికి సంక్రమించెను. వారి ప్రత్యేకబృందమునకు నాయకుడు డి.ఆర్. కార్తికేయన్. ఆయనయు, సహాధికారియగు రాధావినోద్ రాజును గలిసి 2004లో ఆంగ్లమున బ్రకటించిన గ్రంథమునకు ‘ట్రయంఫ్ ఆఫ్ ట్రూత్’ అని పేరు. తెనుగున ‘సత్యవిజయ’ మనవచ్చును. ముఖ్య దర్యాప్తు అధికారియగు కె. రఘోత్తమన్ వేఱొక గ్రంథము రచించెను.

మొదటి గ్రంథమునకు బలము వస్తువే. ప్రేలుడులో మరణించిన హరిబాబను ఛాయాగ్రాహకుని కెమెరా చెడక మిగిలినది. అందలి ఫిల్మున గంధపుమాల చేబట్టిన హంతకియు, తెల్లని దుస్తులతో విలేఖరివలె నిలిచిన శివరాసనును గానవచ్చిరి. కల్పితకథలో నిట్టిది వ్రాసినచో మన మసంభవదోష మారోపింతుము! కుట్రలో బాలుపంచుకొన్నవారి కెమెరాయే కుట్రకు సాక్షియైనది. అచటినుండి ముఖములకు బేర్లును, పేర్లకు నిండ్లును వెదకుచు బోయిన దారి చదువరిని విడువదు.

ఆ దారి ఆగస్టు 20న బెంగుళూరు చెంతనున్న కోణనకుంటెలో ముగిసెను. ముట్టడించిన యింటిలోనికి భటులు జొచ్చునప్పటికి శివరాసనుతో గూడ నేడుగురును మరణించియుండిరి. ఇది దర్యాప్తుకర్తకు జయమా, అపజయమా? ఆతడు సజీవుడై చిక్కినచో కుట్ర వేళ్లెంతదూరము పాఱెనో ఆతని నోటనే వినవచ్చునుగదా. గ్రంథనామము మాత్రము ముందే తీర్పు చెప్పివేసినది. న్యాయస్థానముల తీర్పులంత యేకరూపముగా లేవు. విచారింపబడిన 26 మందికిని 1998 జనవరి 28న ప్రత్యేకన్యాయస్థానము మరణదండన విధించెను. 1999 మే 11న సర్వోన్నత న్యాయస్థానము నలుగురికే దానిని నిలిపి, ముగ్గురికి యావజ్జీవశిక్ష యొసగి, తక్కిన 19 మందిని విడిచెను.

రఘోత్తమన్ రచన స్వభావము వేఱు. నాటి సభను జిత్రించిన వీడియో తమకు జేరకుండ బోయినదని ఆయన యభియోగము. ఇది ఆయన పక్షము. ఎదుటిపక్షము వినక నిర్ణయింపరాదు. అయినను, తన పనిలోని వెలితిని (అది పరులవలన గలిగినదే యని చెప్పుచున్నను) దాపఱికము లేక చూపుటచే నిది విమర్శకున కెక్కువ యుపకరించును.

ఇక గ్రంథరూపము కాని స్మృతి యొకటి కలదు. నా యెఱిగినంతలో నదియే వీనిలో మిక్కిలి విలువగలది. పోలీసుల యెదుట జేసిన యొప్పుకోలు సాధారణచట్టమున జెల్లదు. టాడా చట్టము 15వ సెక్షనునుబట్టి మాత్రము, పోలీసు సూపరింటెండెంటు వ్రాసికొన్న యొప్పుకోలు సాక్ష్యముగా జెల్లుచుండెను. ఈ వ్యాజ్యమున నట్టి వాఙ్మూలములు వ్రాసినవాడు వి. త్యాగరాజన్. పట్టువడునాటికి 19 ఏండ్లవాడైన పేరరివాళన్ రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కొని శివరాసనున కిచ్చినట్లు అందు గలదు. 1999లో న్యాయస్థానము టాడా నేరములను గొట్టివేసియు, వాఙ్మూలములను బ్రమాణముగా గైకొనెను. పేరరివాళన్ మరణదండన నిలిచిన నలుగురిలో నొకడయ్యెను.

2013లో, ఉద్యోగవిరమణానంతరము, త్యాగరాజన్ బహిరంగముగా నొక మాట చెప్పెను: ఆ బ్యాటరీ లెందులకో తనకు దెలియదని పేరరివాళన్ చెప్పియుండెననియు, దానిని దాను వ్రాయలేదనియు. 2017లో నీ సంగతినే ప్రమాణపత్రముగా సర్వోన్నత న్యాయస్థానమునకు సమర్పించెను. ఎఱిగి కొనుట వేఱు, ఎఱుగక కొనుట వేఱు. దండనీతి యంతయు నీ భేదముపై నాధారపడియున్నది. ఆ యొక్క యుపవాక్యము లేని లిఖితము 22 ఏండ్లు ప్రమాణముగా జెల్లెను.

నైయాయికు డాక్షేపింపవచ్చును: ఇన్నియేండ్ల సంస్కారము మాఱియుండరాదా? పశ్చాత్తాపమే జ్ఞాపకమును గల్పించియుండరాదా? ఆక్షేపము తగినదే. కాని తనకే యపకీర్తి దెచ్చు మాటను జెప్పు సాక్షిని, తన పనిని గొనియాడుకొను సాక్షితో సమానముగా దూచుట న్యాయము కాదు.

2014లో మరణదండన యావజ్జీవశిక్షగా మాఱినది. 2022 మే 18న పేరరివాళన్ 31 ఏండ్లకు విడుదల యయ్యెను. అదియు నీ స్మృతినిబట్టి కాదు. రాష్ట్రమంత్రివర్గపు సిఫారసుపై నిర్ణయమున జరిగిన జాగునుబట్టి, రాజ్యాంగము 142వ అనుచ్ఛేదము క్రింద. ఆ వాఙ్మూలము మాత్రము నాడు వ్రాసినట్లే యున్నది.