ఊగే తీగల హోరు: ‘లవ్‌లెస్’

‘లవ్‌లెస్’ మొదటిసారి వింటే క్యాసెట్ టేపు సాగిపోయిందేమో అనిపిస్తుంది. నాలుగు డ్రమ్ దెబ్బలు, వెంటనే గిటార్ల హోరు. అందులో ఏ స్వరమూ ఒక్కచోట నిలవదు. కిందికి జారుతుంది, మళ్లీ తన చోటికి చేరుతుంది. డబ్లిన్‌లో పుట్టిన మై బ్లడీ వాలంటైన్ బృందం 1991 నవంబరులో ఈ ఆల్బమ్ తెచ్చింది. ఇండీ రాక్‌లో ‘షూగేజ్’ అనే బాణీకి ఇదే శిఖరమని నా నమ్మకం. వేదిక మీద తల వంచుకుని, కాళ్ల దగ్గరి పెడల్స్ చూసుకుంటూ వాయించేవాళ్లకు బ్రిటిష్ పత్రికలు తగిలించిన పేరది.

పేరు పెడల్స్ మీదుగా వచ్చినా, ఈ ఊపంతా చేతిలోది. కొన్ని ఎలక్ట్రిక్ గిటార్లకు ట్రెమొలో ఆర్మ్ అనే చిన్న కడ్డీ ఉంటుంది. నొక్కితే తీగల బిగువు సడలి శ్రుతి దిగుతుంది. మామూలుగా దాన్ని పాటలో ఎక్కడో ఒకచోట మెరుపుకోసం వాడతారు. బృందం గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ ఆ కడ్డీని కుడిచేతిలోంచి వదలకుండా, అదే చేత్తో తీగలు మీటుతాడు. మీటు మీటుకీ బిగువు మారుతుంది. వీణ గమకానికి అలవాటుపడ్డ చెవులు దీన్ని తేలిగ్గానే పట్టుకుంటాయి. కాకపోతే వీణ మీద ఒక తీగను లాగి ఒక స్వరాన్ని ఊపుతాం. ఇక్కడ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) మొత్తం, అన్ని తీగలూ కలిసి ఊగుతాయి. దానికి తోడు రివర్స్ రివర్బ్: ప్రతిధ్వని సన్నగిల్లి పోవడానికి బదులు ఉబ్బుతూ మీదికొస్తుంది. వందల గిటార్లు పేర్చి రికార్డు చేశారని చాలామంది అనుకున్నారు. అదేమీ కాదని షీల్డ్స్ ఎన్నోసార్లు చెప్పాడు.

బృందం గాయని బిలిండా బుచర్, షీల్డ్స్ గొంతులు గిటార్ల మీద తేలవు, వాటిలో కలిసిపోతాయి. సాహిత్యం స్పష్టంగా వినబడాలని కోరుకునే మనకు ఇది లోపంగా తోచవచ్చు. నాకైతే ఆ మగతే దీని ప్రాణం. ఇక డ్రమ్మర్ అనారోగ్యంతో ఉండటంతో, అతను వాయించిన ముక్కలనే శాంప్లర్‌లో కూర్చి చాలా పాటలకు తాళం కట్టారు.

ఆల్బమ్ పూర్తవడానికి రెండేళ్లు, 19 స్టూడియోలు పట్టాయి. రెండున్నర లక్షల పౌండ్లు ఖర్చయిందన్న ప్రచారాన్ని షీల్డ్స్ ఒప్పుకోలేదు. విమర్శకులు మెచ్చుకున్నారు గానీ, బ్రిటిష్ చార్టులో 24వ స్థానం దాటలేదు. దాన్ని విడుదల చేసిన క్రియేషన్ రికార్డ్స్ సంస్థ కొన్నాళ్లకే బృందాన్ని వదులుకుంది. 1999లో పిచ్‌ఫోర్క్ పత్రిక తొంభైల దశకపు ఆల్బమ్‌లలో దీనికి మొదటి స్థానం ఇచ్చింది. 2003లో సవరించిన జాబితాలో రెండో స్థానం. తర్వాతి ఆల్బమ్ కోసం శ్రోతలు 2013 దాకా ఎదురుచూశారు.

ఇంత పొగడ్తలోనూ ఎక్కువ మాటలు హోరు గురించే. నాకు అభ్యంతరం అక్కడే. హోరు చెయ్యడం ఎవరికైనా వస్తుంది. దాని అడుగున జోలపాటంత సరళమైన వరసను దాచడమే షీల్డ్స్ పనితనం. అనుమానముంటే డ్రమ్స్ దాదాపు వినిపించని ‘సమ్‌టైమ్స్’తో మొదలుపెట్టండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, మంచి హెడ్‌ఫోన్‌లో, కాస్త గట్టిగా, మూడుసార్లు వినండి.