పరీక్ష మెయిల్ తెలుగులో పంపండి

కొత్తగా మెయిల్ సర్వర్ పెట్టగానే మా వృత్తిలో అందరూ చేసే పని ఒకటుంది. సబ్జెక్టులో ‘టెస్ట్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఒక మెయిల్ పంపుతారు. జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ తెరిచి చూస్తారు. డీకిమ్ దగ్గర ‘పాస్’ అని కనబడితే పని పూర్తయినట్టే. నాలుగక్షరాల ఆ పరీక్ష తెలుగులో వెళ్లే మెయిళ్ల గురించి ఏమీ చెప్పదు. తల్లిదండ్రులకు ఆహ్వానాలు పంపే బడులు, ఖాతాదారులకు సమాచారం పంపే సంస్థలు, చందాదారులకు రాసే పత్రికలు తెలుసుకోవలసిన సంగతి కాబట్టి ఈ వారం దీని గురించే రాస్తున్నాను.

డీకిమ్ అంటే పంపిన సంస్థ తన మెయిల్‌పై వేసే సంతకం. యాహూ, సిస్కో విడివిడిగా తయారుచేసుకున్న పద్ధతులను కలిపి 2007లో దీన్ని ప్రమాణంగా తెచ్చారు. ఇప్పుడు నడుస్తున్న రూపానికి ఆధారం 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6376 అనే ప్రమాణ పత్రం. పంపే సర్వర్ ముందు మెయిల్ బాడీకి హ్యాష్ (బైట్ల వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కగట్టి సంతకపు హెడర్‌లో రాసుకుంటుంది. తర్వాత ఫ్రమ్, టు, సబ్జెక్ట్, డేట్ వంటి హెడర్లకు ఆ హెడర్‌నూ జతచేసి, తన రహస్య తాళంతో సంతకం చేస్తుంది. అందుకునే సర్వర్ డీఎన్ఎస్ నుంచి బహిరంగ తాళం తెచ్చుకుని అదే లెక్క మళ్లీ చేస్తుంది. సంతకం చేసిన భాగంలో ఒక్క అక్షరం మారినా రెండు లెక్కలూ కలవవు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్ (సంస్థ తరఫున మెయిల్ పంపదగిన సర్వర్ల జాబితా), డీకిమ్, డీమార్క్ (ఆ రెండిటిలో ఒకటైనా నెగ్గిందో లేదో చూసే విధానం) మూడూ తప్పనిసరి అయ్యాయి. సంతకం చెల్లకపోవడం ఇప్పుడు చిన్న విషయం కాదు.

సంతకం చెల్లకుండా చేసే మార్పులు దారిలో ఎక్కువగా పుట్టే చోటు హెడర్ వరుసల మడతలు. ఇక వాటి సంగతి. హెడర్‌లో ఒక వరుస 78 అక్షరాలు దాటకపోతే మంచిదనీ, 998 మాత్రం దాటకూడదనీ నియమం. పొడవు ఎక్కువైతే స్పేస్ ఉన్నచోట వరుస విరిచి, కింది వరుసను స్పేస్‌తో గానీ ట్యాబ్‌తో గానీ మొదలుపెట్టాలి. చదివే ప్రోగ్రాం ఆ విరుపు తీసేసి అంతా ఒకే వరుసగా చదువుకుంటుంది. ఈ ఏర్పాటు 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822లోనే ఉంది.

ఇంగ్లిష్ సబ్జెక్టులు చాలావరకు ఒక్క వరుసలో సరిపోతాయి. తెలుగుకు ఆ వెసులుబాటు లేదు. మామూలు మెయిల్ హెడర్లో తెలుగు నేరుగా రాయడం కుదరదు. దాన్ని బేస్64లోకి మార్చి, ముందూ వెనకా గుర్తులు తగిలించి తునకలుగా పెట్టాలి. ఒక్కో తునక 75 అక్షరాలు దాటకూడదు. యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తులకే 12 పోతాయి. తెలుగు లిపిలో ప్రతి సంకేతం 3 బైట్లు, బేస్64లోకి వచ్చేసరికి 4 అక్షరాలు. గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, ఇలా దేని లెక్క దానిదే. ఆ లెక్కన ఒక తునకలో పట్టేవి 15 సంకేతాలు. ‘స్వాతంత్ర్య’ అన్న ఒక్క మాటకే 11 ఖర్చవుతాయి. ‘స్వాతంత్ర్య దినోత్సవ ఆహ్వానం’ మూడు మాటలే అయినా 80 బైట్లు. రెండు తునకలు చేయక తప్పదు, వరుస మడవక తప్పదు.

ఒక విద్యాసంస్థలో నేను చూసిన సమస్య సరిగ్గా ఈ సబ్జెక్టుతోనే వచ్చింది. ‘ఇంగ్లిష్‌లో పంపే ఫీజు మెయిళ్లు బాగానే చేరుతున్నాయండీ, ఆహ్వానాలే స్పామ్‌లో పడుతున్నాయి. తెలుగంటే జీమెయిల్‌కు పడదేమో’ అన్నాడు అక్కడి ఐటీ కుర్రాడు. అతని అనుమానం తప్పే అయినా గమనిక మాత్రం చాలా విలువైనది. ఒకే సర్వర్, ఒకే తాళం, ఒకే దారి. తేడా సబ్జెక్టులోనే ఉందంటే డీఎన్ఎస్‌నూ తాళాన్నీ పక్కన పెట్టేయవచ్చు.

ఇలాంటప్పుడు నేను మొదట చూసేది బాడీ హ్యాష్. అది కలవకపోతే ఎవరో మెయిల్ అడుగున డిస్‌క్లెయిమరో మరొకటో చేర్చారని అర్థం. ఇక్కడ అది కలిసింది, సంతకం మాత్రం తప్పింది. అంటే మార్పు హెడర్లలో జరిగింది. తర్వాత సంతకంలో ఏయే హెడర్లు చేరాయో ‘హెచ్’ ట్యాగులో చూశాను. సబ్జెక్ట్ ఉంది. అప్పుడు అడగవలసింది ఒక్కటే: సంతకం వేసేనాటికి సబ్జెక్టు ఏ రూపంలో ఉంది, చేరేనాటికి ఏ రూపంలో ఉంది?

దీనికి డీకిమ్‌లోనే ఒక సాధనం ఉంది. సంతకం వేసే ప్రోగ్రాం ఓపెన్‌డీకిమ్‌లో ‘డయాగ్నస్టిక్స్’ ఆన్ చేస్తే, సంతకం చేసిన క్షణంలో ఉన్న హెడర్ల నకలు ‘జెడ్’ అనే ట్యాగులో మెయిల్‌తోపాటే ప్రయాణిస్తుంది. ఆ నకలునూ, చేరిన మెయిల్ హెడర్‌నూ పక్కపక్కన పెట్టాను. సంతకం నాటికి సబ్జెక్టు మొత్తం 120 అక్షరాల ఒకే తునకగా, ఒకే వరుసలో ఉంది. చేరిన దాంట్లో అదే సబ్జెక్టు రెండు తునకలై, మధ్యలో మడత పడి ఉంది. రెండూ విప్పి చదివితే ఒత్తు కూడా మారకుండా ‘స్వాతంత్ర్య దినోత్సవ ఆహ్వానం’ అనే వస్తుంది. తునకల మధ్య స్పేస్‌ను చూపించకూడదన్నది నియమం కాబట్టి తెర మీద తేడా ఎవరికీ కనబడదు.

జరిగింది ఇదీ. సంస్థ వెబ్ అప్లికేషన్ 75 అక్షరాల హద్దు పట్టించుకోకుండా పొడవాటి తునక తయారుచేసింది. సర్వర్ దానిమీద సంతకం చేసింది. దారిలో ఉన్న స్పామ్ ఫిల్టర్ గేట్‌వే మెయిల్‌ను విప్పి, తనిఖీ చేసి, సబ్జెక్టును నియమం ప్రకారం సరిదిద్ది మళ్లీ కూర్చింది. రిజిస్టర్ అయిన దస్తావేజును ఎవరో శుభ్రంగా తిరిగి టైపు చేసిస్తే విషయం మారదు గానీ పాత సంతకం దానికి చెల్లదు కదా. పైగా ఎస్‌పీఎఫ్ రికార్డులో ఆ గేట్‌వే చిరునామా లేదు. డీమార్క్‌కు ఉన్న ఆధారం డీకిమ్ ఒక్కటే, అదీ పోయింది.

సంతకంలో ‘రిలాక్స్‌డ్’ పద్ధతి పెట్టుకుంటే మడతల బాధ ఉండదని చాలామంది నమ్ముతారు. అది సగమే నిజం. ‘సింపుల్’ పద్ధతిలో హెడర్ ఉన్నది ఉన్నట్టు ఉండాలి, ట్యాబ్ స్పేస్‌గా మారినా ఒప్పుకోదు. రిలాక్స్‌డ్ మడతలు విప్పుతుంది, వరసగా ఉన్న స్పేసులన్నిటినీ ఒక్కటిగా లెక్కిస్తుంది, కోలన్‌కు అటూ ఇటూ ఉన్నవాటిని వదిలేస్తుంది. కానీ లేని స్పేస్ కొత్తగా పుడితే దానికీ దిక్కులేదు. టు హెడర్‌లో కామా పక్కనే రెండో చిరునామా ఉందనుకోండి. ఏదో సర్వర్ అక్కడ వరుస విరిస్తే కామా తర్వాత స్పేస్ పుట్టుకొస్తుంది. 998 దాటిన వరుసను పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ విరిచి కొత్త వరుస మొదట్లో స్పేస్ పెడుతుంది. పైథాన్ ఈమెయిల్ లైబ్రరీని డిఫాల్ట్ పాలసీతో వాడి మెయిల్‌ను చదివి తిరిగి రాస్తే, 78 దాటిన హెడర్లను అది తన పద్ధతిలో మళ్లీ మడుస్తుంది. బేస్64 తునకలు మారాయంటే మారింది స్పేస్ కాదు, అక్షరాలే. అక్కడ ఏ పద్ధతీ ఆదుకోదు.

వీళ్లెవరూ మోసం చేయలేదన్నది నాకు ముఖ్యంగా తోచే సంగతి. అప్లికేషన్ రాసినవాళ్లు తెలుగు కనబడితే చాలనుకున్నారు. గేట్‌వే చేసినవాళ్లు తప్పుగా ఉన్నదాన్ని ఒప్పుగా దిద్దారు. సంతకం మాత్రం ఉద్దేశాలు చూడదు, బైట్లు చూస్తుంది. అందుకే దీనికి మందు ఒకరిని తప్పుపట్టడంలో లేదు, పనుల వరస మార్చడంలో ఉంది. మడతలూ తునకలూ సంతకానికి ముందే సక్రమంగా ఉండాలి. సంతకం మన గడప దాటే ఆఖరి చోట పడాలి. ఆ తర్వాత మనవైపు వాళ్లెవరూ మెయిల్‌ను ముట్టుకోకూడదు. ఆ సంస్థలో గేట్‌వే తనిఖీ ముగిశాకే సంతకం పడేలా మార్చాం. అప్లికేషన్‌లో తునకల పొడవు సరిచేయించాం. ఎస్‌పీఎఫ్‌లో గేట్‌వేను చేర్చాం. ఆహ్వానాలు ఇన్‌బాక్సుకు చేరాయి.

ఇంగ్లిష్ ‘టెస్ట్’తో ఈ లోపం ఎన్నేళ్లయినా బయటపడదు. ఆ మాటకు మడత అవసరం లేదు, తునకలు అవసరం లేదు. లోపం దాక్కునే చోట్లన్నిటినీ అది తాకకుండా వెళ్లిపోతుంది. చివరికి ఆ లోపాన్ని భరించేది తెలుగులో రాసేవాళ్లే. భరించలేక సబ్జెక్టు ఇంగ్లిష్‌లోకి మార్చేసుకున్న కార్యాలయాలను చూశాను. ఒక సెట్టింగు కోసం భాష వదులుకోవలసిన పని లేదు.

మీ సంస్థలో మెయిల్ సర్వర్ చూసేవాళ్లతో ఈ వారమే ఒక పని చేయించండి. ఒత్తులూ గుణింతాలూ నిండుగా ఉన్న పొడవైన తెలుగు సబ్జెక్టుతో, కామాలతో కలిపిన పలు చిరునామాలకు, మీ మెయిళ్లు రోజూ వెళ్లే దారిలోనే ఒక మెయిల్ పంపమనండి. అందుకున్న చోట డీకిమ్ ‘పాస్’ అయిందో లేదో చూడమనండి. కాకపోతే బాడీ హ్యాష్ దగ్గర మొదలుపెట్టి వెతకమనండి. దారి ఈపాటికి మీకూ తెలుసు.