పండగ వేషం ఖర్చు ఎవరిది?

నాట్య దుస్తులు కుట్టేవాళ్ళం ఏ వేషాన్ని చూసినా ముందు లోపలి కుట్టు వెతుకుతాం. హుక్కు ఎక్కడ పెట్టారు, ఏ మడత చెమటకు ఆగుతుంది, ఎగిరినప్పుడు ఏది జారుతుంది అని. కూచిపూడి ఆహార్యంలో పనితనాన్ని మెచ్చుకునేవాళ్ళకు కొదవ లేదు. అమెరికాలో స్ట్రిప్ క్లబ్ డాన్సర్ క్రిస్మస్ రాత్రి వేసుకునే శాంటా వేషంలోనూ పనితనం ఉందంటే మాత్రం చాలామంది మొహం తిప్పుకుంటారు. ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

అక్కడి క్లబ్బులకు పండగలంటే సీజను. హాలోవీన్‌కి మంత్రగత్తెలు, నర్సులు, పోలీసులు. ఫిబ్రవరి 14కి ఎరుపు, గులాబీ. మార్చి 17న సెయింట్ పాట్రిక్ పేరు మీద అంతా ఆకుపచ్చ. క్రిస్మస్‌కి ఎర్ర మఖమలు, దాని చుట్టూ తెల్ల బొచ్చు అంచు.

ఆ ఎర్ర మఖమలునే దగ్గరగా చూద్దాం. పోల్ అనే నిలువు కడ్డీ మీద ఆడే మనిషిని నిలబెట్టేవి చేతులు మాత్రమే కాదు. తొడలు, మోకాలి వెనక మడత, నడుము పక్క భాగం కూడా పట్టుకోవాలి. చర్మం లోహానికి తగిలితేనే పట్టు దొరుకుతుంది, మఖమలు తగిలిందా జారిపోతుంది. కాబట్టి గుడ్డ ఎక్కడ ఉండకూడదో నిర్ణయించడంలో చూసేవాళ్ళ సరదాతో పాటు కిందపడకూడదన్న జాగ్రత్త కూడా ఉంది. చేతి తొడుగులు ఉంటే పోల్ ఎక్కడం కష్టం, అందుకని ముందు అవే తీసెయ్యాలి. తలకిందులైనప్పుడు టోపీ ఊడిపోకుండా పిన్నులు పెట్టుకోవాలి. నడుము దగ్గర ముడి లాగగానే విడిపోవాలి, లాగేదాకా మాత్రం ఎంత గిరగిరా తిరిగినా విడిపోకూడదు. ఈ రెండు గుణాలూ ఒకే ముడిలో కుదర్చడం ఎంత కష్టమో సూది పట్టినవాళ్ళకు తెలుసు. ఇదంతా మామూలుగా రెండు మూడు పాటల్లో అయిపోవాలి, అదీ ఏడెనిమిది అంగుళాల మడమలున్న చెప్పులతో. పండగ పూట ఒంటికి తళుకుల పొడి రాసుకోవాలని ఎవరికైనా ఉంటుంది. చాలామంది రాసుకోరు, అది కస్టమర్ చొక్కాకి అంటుకుని వాళ్ళింటిదాకా వెళ్తుంది కాబట్టి.

ఈ వృత్తి చరిత్రలో బట్ట ముక్క ఎప్పుడూ పెద్ద విషయమే. 1964 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాండోర్ క్లబ్బులో కరోల్ డోడా పైభాగం లేని ఈత దుస్తుల్లో ఆడింది. దాన్ని రూపొందించినవాడు రూడీ గెర్న్‌రైక్ అనే ఫ్యాషన్ డిజైనర్. అలాంటి క్లబ్బులు దేశమంతా పుట్టుకొచ్చాయి. ఇండియానాలో పూర్తి నగ్నంగా ఆడటం కుదరదని, రొమ్ముల మీద చిన్న బిళ్ళలూ కింద గోచీ అయినా ఉండాలని ప్రభుత్వం పట్టుబడితే, 1991లో బార్న్స్ వర్సెస్ గ్లెన్ థియేటర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కనీసం ఎంత బట్ట ఉండాలో తేల్చడానికి అంత పెద్ద కోర్టు కూర్చుంది. ఆ బట్టకు డబ్బు ఎవరు పెట్టాలన్నది దాని ముందుకు రాలేదు.

నా బాధంతా అక్కడే. చాలా క్లబ్బులు డాన్సర్లను ఉద్యోగులుగా ఒప్పుకోవు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లంటాయి. జీతం ఉండదు. ఆ రాత్రి ఆడటానికి డాన్సరే క్లబ్బుకి హౌస్ ఫీజు కట్టాలి, డీజేకి టిప్పు ఇచ్చుకోవాలి. ఇక పండగ థీమ్ పెట్టేది యాజమాన్యం, ఆ ఒక్క రాత్రికి వేషం కొనుక్కునేది ఆ అమ్మాయి. మన సురభి నాటక సమాజాల్లో కిరీటాలూ పట్టుబట్టలూ సమాజం పెట్టెల్లో ఉంటాయి, కృష్ణుడి వేషం వేసే నటుడు నెమలిపింఛం కొనుక్కుని రానక్కర్లేదు. స్వతంత్ర కాంట్రాక్టరైతే ఏం వేసుకోవాలో చెప్పే హక్కు క్లబ్బుకి ఎక్కడిది? అలా చెబుతున్నారంటే అది యజమాని అదుపే. ఉద్యోగి ఎవరో తేల్చేటప్పుడు అక్కడి కోర్టులు ముఖ్యంగా చూసేవాటిలో ఆ అదుపు ఒకటి.

అడిగినవాళ్ళకు కొంత దొరికింది. నార్త్ హాలీవుడ్‌లోని స్టార్ గార్డెన్ డాన్సర్లు భద్రత కోసం, యూనియన్ కోసం 2022 మార్చిలో క్లబ్బు బయట పికెటింగ్ మొదలుపెట్టారు. రకరకాల వేషాలు వేసుకుని మరీ నిలబడ్డారు. లోపల కస్టమర్ల కోసం నేర్చిన విద్యే వీధిలో తమ హక్కుల కోసం వాడారు. అది చదివినప్పుడు నాకు కలిగిన గౌరవం చెప్పలేనిది. 2023 మేలో ఓట్లు లెక్కిస్తే యూనియన్ వైపు 17, వ్యతిరేకంగా సున్నా. 1913లో రంగస్థల నటుల కోసం పుట్టిన యాక్టర్స్ ఈక్విటీ యూనియన్ వాళ్ళను తనలో కలుపుకుంది. 2024 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రం చేసిన చట్టం హౌస్ ఫీజుకు పరిమితి పెట్టింది.

వేషం ఖర్చు మాట మాత్రం ఇంకా మిగిలే ఉంది. థీమ్ క్లబ్బుదైతే వేషమూ క్లబ్బే కొనివ్వాలి, ఇందులో రెండో మాట లేదు. అమెరికాలో ఉంటున్న మన కుర్రాళ్ళు ఆఫీసు స్నేహితులతో ఈ హాలోవీన్‌కి అలాంటి చోటికి వెళ్తే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. స్టేజీ పక్కన కూర్చుని ఆట చూసినవాళ్ళు ప్రతి పాటకూ డబ్బు పెట్టి లేవాలి. ఆ వేషం ఖర్చు ఆమెకు తిరిగొచ్చేది ప్రస్తుతానికి చూసేవాళ్ళు ఇచ్చే డబ్బులోంచే.