పంతులు గారి పనితనం

1908లో లండన్‌లో లార్డ్ నార్త్‌క్లిఫ్ ‘టైమ్స్’ పత్రికను చేజిక్కించుకున్నాడు. అదే ఏడాది బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా మొదలుపెట్టారు. నార్త్‌క్లిఫ్‌కి అప్పటికే లక్షల ప్రతులు అమ్ముడుపోయే ‘డెయిలీ మెయిల్’ ఉంది, రాజుగారిచ్చిన ప్రభువు హోదా ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన పంతులు గారికి ఉన్నదల్లా 1893లో తయారుచేసిన తలనొప్పి మందు. ఆ అమృతాంజనం సంపాదించిపెట్టిన డబ్బే తెలుగు అచ్చుకి మూలధనమైంది. దేశోద్ధారక, విశ్వదాత అన్న బిరుదులు అభిమానంతో వచ్చినవి.

ఆయన దాతృత్వం గురించి చాలామంది రాశారు. నన్ను కట్టిపడేసేది ఆయన పనితనం. ఏ రాతకు ఎంత ఆయుష్షు ఉండాలో పంతులు గారికి తెలుసు. పూటకి చేసుకునే పచ్చడి వేరు, ఏడాదికి పెట్టుకునే ఆవకాయ వేరు. ఒకదాని పద్ధతిలో ఇంకొకటి చేస్తే రెండూ చెడతాయి. ముప్పయ్యేళ్ల ప్రచురణలో ఆయన ఈ తేడా ఎక్కడా మరిచిపోలేదు.

వారపత్రికతో మొదలుపెట్టడంలోనే ఆ లెక్క కనిపిస్తుంది. బొంబాయిలో అచ్చయిన పత్రిక రైల్లో, తపాలాలో తెలుగు జిల్లాలకు చేరాలి. అంత దూరం నుంచి నిన్నటి వార్త పంపి లాభం లేదు. వారం తర్వాత చదివినా చప్పబడని వ్యాఖ్య, వివరణ పంపవచ్చు. దినపత్రిక పెట్టాలనుకున్నప్పుడు మద్రాసుకు మారారు. 1914 ఏప్రిల్ 1న దినపత్రిక వచ్చింది. నాలుగు నెలలు గడిచాయో లేదో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంగ్లీషు రాని తెలుగు ఇళ్లకు రోజూ యుద్ధవార్త అందించే సాధనం అప్పటికి సిద్ధంగా ఉంది.

దినపత్రిక ఆయుష్షు సాయంత్రం దాకానే. అంతకన్నా ఎక్కువ కాలం నిలిచేదిగా, దినపత్రిక కన్నా ముందే ఉగాది సంచిక మొదలుపెట్టారు. 1910 నుంచి వచ్చిన ఈ సంవత్సరాది సంచికల్లో చరిత్ర, సాహిత్యం, కళలు, బొమ్మలు ఒకేచోట కూర్చారు. పండగ పూట ఇంటికొచ్చి, పండగ వెళ్లాక కూడా చదువుకునేట్టు ఉండే సంచికలవి. ఇవాళ తెలుగు పత్రికలన్నీ వేసే ప్రత్యేక సంచికలకు అవే పెద్దలు.

1924 జనవరిలో వచ్చిన ‘భారతి’ మాసపత్రికది ఇంకా పై మెట్టు. మల్లంపల్లి సోమశేఖర శర్మ శాసనాల మీద రాసినా, కొత్త కవి తొలి గేయం పంపినా అందులో చోటుంది. కథ, నాటకం, రంగుల చిత్రం, తలిశెట్టి రామారావు వ్యంగ్య చిత్రం, అన్నీ ఆ గడపే తొక్కాయి. పాఠకుడికి బరువవుతుందని పండితుడి వ్యాసాన్ని పలచన చేయలేదు. పండితుడు మొహం చిట్లిస్తాడని యువకుడి రచనను పక్కన పెట్టలేదు. ఒక నెల వచ్చిన వ్యాసానికి మరో నెల ఖండన వచ్చేది, దానికి మళ్లీ సమాధానం. నెలకొకసారి వచ్చే పత్రిక కాబట్టి ఆలోచించుకుని జవాబు రాసే వ్యవధి రచయితకు దొరికింది.

తరాలపాటు నిలవాల్సినవి పుస్తకాలయ్యాయి. ఆయన 1926లో పెట్టిన ఆంధ్ర గ్రంథమాల పాల్కురికి సోమనాథుడి ద్విపద కావ్యం ‘బసవపురాణా’న్ని అచ్చువేసింది. ద్విపదను చిన్నచూపు చూసే పండితులున్న కాలంలో వేటూరి ప్రభాకర శాస్త్రి గారి చేత సుదీర్ఘమైన పీఠిక రాయించి మరీ వేశారు. కావ్యం ఒక్కటే అచ్చయితే అది భక్తుల పారాయణ గ్రంథంగా మిగిలేది. ఆ పీఠికతో చరిత్రకారుడికీ, భాషా పరిశోధకుడికీ ఆధారమైంది. 1923లో కొమర్రాజు లక్ష్మణరావు పోయాక ‘అ’ అక్షరం దగ్గరే ఆగిపోయిన విజ్ఞాన సర్వస్వాన్ని కూడా ఈయనే భుజానికెత్తుకున్నారు. లాభం రాదని తెలిసిన పని అది. మందు సీసా మీద మిగిలిన డబ్బు అలాంటి పనికే కావాలని ఆయన నిశ్చయం.

ఢిల్లీ జనక్‌పురిలో ఉండే మాబోటి వాళ్లకి ఈ కథలో ఇంకో దగ్గరితనం ఉంది. ఆంధ్రపత్రిక పుట్టింది తెలుగు నేల మీద కాదు, పొట్ట చేతపట్టుకుని వెళ్లిన ఊళ్లో. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఢిల్లీలో స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీకి మా జనక్‌పురిలోనూ బడి ఉంది. ఊరికి దూరమైనంత మాత్రాన భాషకు చేసే పని చిన్నది కానక్కర్లేదని ఈ రెండూ చెబుతున్నాయి.

పంతులు గారు 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. ఆంధ్రపత్రిక, భారతి 1991 దాకా నడిచాయి. పాత సంచికలను ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటల్ రూపంలోకి తెచ్చింది. మొదట ఏ తేదీదైనా ఒక దినపత్రిక చూడండి, తర్వాత ఒక భారతి సంచిక, ఆపైన బసవపురాణం పీఠిక. గ్రాంథిక భాష కాసేపు బరువనిపిస్తుంది, నాలుగు పేజీలు తిరిగేసరికి అలవాటవుతుంది. ఈ వరసలో చదివితే ఆయన లెక్క అర్థమవుతుంది: రోజువారీ వార్తతో పాఠకుణ్ణి పిలిచి, పీఠిక చదవగల పాఠకుడిగా తయారుచేసుకున్నారు. పత్రికాధిపతి చేయగలిగిన పనుల్లో ఇంతకన్నా గొప్పది నాకు తెలియదు.