గోటి కొసన హైబ్రిడ్ గింజ

రామన్నపేట చెల్కల్లో రైతు వేసే హైబ్రిడ్ పత్తి గింజ వెనుక గోటి పనితనం ఉంది. గద్వాల నడిగడ్డ విత్తనపు చేలల్లో చూడాలి దాన్ని. పత్తిపువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు. అందుకే మర్నాడు విచ్చబోయే మొగ్గను సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో రేకుల్నీ కేసరాల్నీ చుట్టూ ఒలిచేస్తారు. గోరు లోతుగా దిగి అండాశయం గీసుకుపోయిందా, మొగ్గ రాలినట్టే. పొద్దున్నే మగ చెట్టు పువ్వు తెచ్చి కీలాగ్రానికి అద్దుతారు. బరువైన, జిగురు పుప్పొడి గాలికి ఎగరదు. తేనెటీగ మోస్తుంది కానీ, ఏ చెట్టుదో చూసుకోదు కదా! చూసుకునేది ఆడకూలీలే. 1970లో సూరత్‌లో హెచ్-4 అనే హైబ్రిడ్ రకం వచ్చినప్పటి నుంచీ మన హైబ్రిడ్ పత్తి చాలావరకు ఇలాగే పుడుతోంది. శాస్త్రజ్ఞుల పేరులో వీళ్లకూ వాటా ఉండాలి, లాభంలో మరీనూ.