హెలెనా ఏం తిన్నది?

ఆదివారం సాయంత్రాలు గాజులరామారంలో మా వరండాలో కొందరం కూడి నవలలు చదువుకుంటాం. ఒకరు పైకి చదవాలి, తక్కినవాళ్లు వినాలి, అనుమానమొచ్చిన చోట ఆపాలి. జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ నెల వంతు నాది. హెన్రిక్ షెంకేవిచ్ రాసిన పోలిష్ నవల ‘అగ్నితో, ఖడ్గంతో’ ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెబుతున్నాను.

1884లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి పోలండ్ దేశపటంలోనే లేదు; రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి. రాజ్యం పోగొట్టుకున్న జనానికి షెంకేవిచ్ 1648 నాటి కొసాక్కుల తిరుగుబాటు కథ చెప్పాడు. దొరల మీద లేచిన రైతుల గోడు ఇందులో సరిగ్గా వినపడదు. తెలంగాణలో పుట్టినవాళ్లకు ఆ లోటు వెంటనే తగులుతుంది. అయినా పుస్తకం వదలబుద్ధి కాదు, ప్రేమించుకున్న స్క్షెతుస్కి, హెలెనా ఏమవుతారోనని.

శత్రువుల నుంచి హెలెనాను తప్పించడానికి జగ్వోబా అనే ముసలాయన ఒక గుడ్డి బిచ్చగాడి బట్టలు తాను వేసుకుంటాడు. బిచ్చగాడి వెంట ఉన్న కుర్రాడి బట్టలు ఆమెకిస్తాడు. ఆమె జుట్టు కత్తిరించేస్తారు. ఆ చోట, సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక పెద్దమ్మ నన్ను ఆపింది. పోలీసు యాక్షన్ నాటికి ఆమె చిన్నపిల్ల.

“మగపిలగాని లెక్క తిరుగుతుంది, సరే. ఏం తిన్నది? నెలొస్తే ఏం జేసింది బిడ్డా?”

పేజీలు వెనక్కీ ముందుకూ తిప్పాను. జవాబు నాకు దొరకలేదు. జ్బరాజ్ కోట ముట్టడిలో స్క్షెతుస్కి చెరువు నీళ్లలో, రెల్లులో పాకుతూ రాజు దగ్గరికి కబురు మోసే ఘట్టంలో ప్రతి ఊపిరీ మనకు వినిపిస్తుంది. హెలెనా బార్ పట్టణంలో కత్తితో పొడుచుకుని, ఆ తర్వాత లోయలో హోర్పినా అనే మంత్రగత్తె కాపలాలో మగ్గుతుంది. ఆ రోజులు మాత్రం చాలావరకు బయటి నుంచే తెలుస్తాయి.

మన నవలలకూ ఇదే మాట వర్తిస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతుండగానే, 1947లో, బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ రాశారు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’ లేకపోతే గడీల కాలం మన కళ్లకు కట్టేది కాదు. కానీ పెద్దమ్మ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది నవల కాదు, 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. అజ్ఞాతంలో కన్న బిడ్డను పరాయి చేతుల్లో పెట్టి దళంతో నడిచిన తల్లి మాట అందులో ఉంది.

యుద్ధంలో ప్రేమ గురించి నవల రాసేవాళ్లు పెద్దమ్మ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. దాక్కున్న మనిషి గంజి ఎక్కడ కాచుకుంది, ఎవరి చీర అరువు తెచ్చుకుంది, భర్త బతికున్నాడని ఎవరు చెబితే నమ్మింది అన్నవి తెలిస్తే ప్రేమ ఎంత గట్టిదో విడిగా చెప్పనక్కర్లేదు. ఆ పోరాట రోజులు చూసినవాళ్లు ఎనభై దాటారు. పెద్దమ్మ చెప్పేది రాసుకోవడానికి కొత్త నోట్‌బుక్ కొన్నాను.